కొలత, గడువు, కూలి: కృష్ణా పశ్చిమ డెల్టాలో వేతన హక్కు పరిణామం

తెలుగులో 'కూలి' అంటే శ్రమకు ప్రతిఫలం. ఆ ప్రతిఫలం పుచ్చుకొనే వ్యక్తిని కూలివాడు, కూలిమనిషి అన్నారు. తర్వాతి కాలంలో దీర్ఘాంతమైన 'కూలీ' వాడుకలోకి వచ్చి, ప్రతిఫలానికున్న పేరే మనిషికి పేరయింది. 'జీతం' దీనికి భిన్నమైన మాట. కూలి రోజుతోనో పనితోనో ముగుస్తుంది. జీతం ఏడాదికో నెలకో కుదురుతుంది. పల్లెల్లో 'జీతానికి ఉండడం' అంటే పని చేయడం మాత్రమే కాదు, ఒకరి ఇంటికి కట్టుబడి ఉండడం కూడా. వేతన హక్కుల చరిత్రను చట్టాల తేదీలతో ప్రారంభించడం పరిపాటి. అయితే చట్టం రాకముందే ఈ మాటల మధ్య ఉన్న తేడాలో శ్రామికుని స్థితిగతులు నిర్ణయమై ఉన్నాయి. కృష్ణా పశ్చిమ డెల్టాలో, ముఖ్యంగా తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో కూలి ఎంత అన్న ప్రశ్నతోపాటు దేనితో కొలిచి ఇస్తారు, ఎప్పుడు ఇస్తారు అన్న రెండు ప్రశ్నలు ఎలా నడిచాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. చట్టం మొదటి ప్రశ్నను పట్టించుకున్నంతగా మిగిలిన రెండింటినీ పట్టించుకోలేదనీ, శ్రామికుల నష్టంలో పెద్ద భాగం ఆ రెండింటిలోనే జరిగిందనీ నా ప్రతిపాదన.

పరిశీలనకు భౌగోళికమైన అంచుగా అడవులదీవిని తీసుకొన్నాను. పేరులోనే అడవినీ దీవినీ నిలుపుకొన్న ఈ ఊరు నిజాంపట్నం మండలంలో, కాలువల చివర, సముద్రానికి చేరువలో ఉంది. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడేవరకు గుంటూరు జిల్లాలో ఉండేది. ఎగువన తెనాలి మాగాణి, దిగువన చౌడు నేలలు, మడ అడవులు, రొయ్యల చెరువులు. ఒకే కాలువ వ్యవస్థ మీద ఆధారపడిన ఈ రెండు కొసల మధ్య కూలి చరిత్ర ఒకటిగా నడవలేదు.

బయానా నుంచి బాకీకి

నిజాంపట్నం పూర్వం పెటపోలి పేరుతో ఐరోపా వర్తకులకు పరిచయమైన రేవు. 1611లో 'గ్లోబ్' అనే ఓడలో వచ్చిన ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వర్తకులు మచిలీపట్నానికి ముందు ఇక్కడే దిగారు. డచ్చివారు అంతకు కొన్నేళ్ల ముందే వచ్చారు. ఈ తీరం అద్దకపు బట్టలకు, ఎర్రరంగునిచ్చే చిరివేరుకు ప్రసిద్ధి. ఆ వర్తకం బయానాల మీద నడిచింది. నూలు కొనడానికి, బట్ట నేసేదాకా ఇల్లు గడవడానికి నేతగానికి ముందుగా సొమ్ము అందేది. పనికి ముందే ప్రతిఫలం అందడం పైకి మేలుగా తోస్తుంది. కాని సరుకు నాణ్యతను నిర్ణయించేది, ధర కట్టేది బయానా ఇచ్చినవాడే. లెక్క తేలేసరికి నేతగాడు తరచు బాకీదారుగా మిగిలేవాడు. ఆలస్యంగా ఇచ్చే కూలి శ్రామికుణ్ణి ఏ విధంగా కట్టిపడవేస్తుందో, ముందుగా ఇచ్చే కూలి కూడా అదే విధంగా కట్టిపడవేయగలదు. పాలేరు జీతాల చరిత్రలో ఇదే అంశం మళ్లీ ఎదురవుతుంది.

ఆనకట్ట తర్వాత

1832-33 నందన నామ సంవత్సరపు డొక్కల కరువు గుంటూరు ప్రాంతాన్ని నిర్జనం చేసినంత పని చేసింది. 1852లో మొదలై 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట ఆ భూమి స్వభావాన్నే మార్చివేసింది. మెట్ట మాగాణి అయింది. వరి విస్తరించింది. వరి ఎక్కువ మనుషులను కోరే పంట. పైగా ఆ మనుషులను ఏడాది పొడవునా కాక కొన్ని వారాలలో ఒక్కసారిగా కోరుతుంది. ఊడ్పులకు, కోతలకు, కుప్పనూర్పిళ్లకు జనం కావాలి, మధ్యలో అక్కరలేదు. డెల్టా వేతన సమస్యకు మూలం ఇదే. రైతుకు కూలి అవసరమైన రోజులు కొద్ది. కూలివానికి తిండి అవసరమైన రోజులు ఏడాదంతా.

ఈ అంతరాన్ని పూడ్చిన ఏర్పాటే పాలేరుతనం. ఏడాదికి కుదుర్చుకొన్న ధాన్యం, దానికి తోడు దుప్పటి, చెప్పుల జత, పండుగలకు ఏదో కొంత. అవసరానికి ముందుగా తెచ్చుకొన్న అప్పు ఈ జీతంలోంచే తీరాలి. తీరకపోతే వచ్చే ఏడాదీ ఆ ఇంటనే ఉండాలి. పెద్ద పాలేరుకు సాయంగా అతని కొడుకు పశువుల కాపరిగా కుదరడం సర్వసాధారణం. బోయి భీమన్న 'పాలేరు' నాటకంలో చదువుకోవాలన్న పిల్లవాని కోరిక ఒక సామాజిక సంఘర్షణగా మారడానికి కారణం ఇక్కడ కనిపిస్తుంది. పిల్లవాడు బడికి వెళితే పోయేది ఒక కాపరి మాత్రమే కాదు, కుటుంబం బాకీకి ఉన్న హామీ కూడా.

ఇక కోత కూలి. అది ప్రధానంగా ధాన్యరూపంలో, కళ్లంలోనే ముట్టేది. ఇక్కడ కొలత సమస్య వస్తుంది. నాలుగు మానికలు కుంచమని, నాలుగు కుంచాలు తూమని, ఇరవై తూములు పుట్టి అని ఎక్కాల పుస్తకాలలో చదువుకొన్నాం. పుస్తకంలో స్థిరంగా ఉన్న ఈ పట్టిక ఊళ్లలో స్థిరంగా లేదు. కుంచం పరిమాణం ఊరికీ ఊరికీ మారేది. తలకొట్టి కొలవడం వేరు, రాశిగా కొలవడం వేరు. 'రోజుకు ఇన్ని మానికలు' అన్న మాట మారకుండానే కూలి తగ్గడానికి, పెరగడానికి అవకాశం ఆ పాత్రలోనే ఉంది. పాత్ర ఎవరిది, కొలిచే చెయ్యి ఎవరిది అన్నది కూలి రేటుతో సమానమైన ప్రశ్న. 1956లో దశాంశ పద్ధతి తూనికలు, కొలతలు చట్టబద్ధమైనప్పుడు దానిని వర్తకానికి, పరిపాలనకు సంబంధించిన సంస్కరణగానే మన చరిత్రకారులు పరిగణించారు. కళ్లంలో కూలి పుచ్చుకొనే మనిషి వైపు నుంచి చూస్తే అది వేతన చట్టాలకు దగ్గరి చుట్టం.

కళ్లంలో మరో అంశం పరిగె. కోత తర్వాత చేలో రాలిన వెన్నులను ఏరుకొనే వాడుక కూలిలో భాగమా, దయా? రైతు దానిని దయగా, కూలి కుటుంబం హక్కుగా భావించాయి. లిఖితపూర్వకమైన ఒప్పందం లేనిచోట ఇటువంటి వాడుకలే ఒప్పందం. అవి తొలగినప్పుడు కూలి తగ్గినట్టు ఏ లెక్కలోనూ నమోదు కాదు.

ఈ కాలంలో రాజ్యం ఎవరి పక్షాన ఉందో తెలియడానికి 1859 నాటి పదమూడో చట్టం చాలు. ముందుగా సొమ్ము పుచ్చుకొని పని మానిన పనివాణ్ణి మేజిస్ట్రేటు ఎదుటికి ఈడ్చి, పని పూర్తిచేయమని ఆజ్ఞాపించి, వినకపోతే జైలుకు పంపే వీలు ఆ చట్టం కల్పించింది. పని చేయించుకొని కూలి ఎగవేసిన యజమానికి అటువంటి శిక్ష అందులో లేదు. 1925లో శాసనసభ దానిని రద్దుచేసేదాకా ఒప్పంద భంగం ఒక పక్షానికి నేరం, రెండో పక్షానికి కేవలం వ్యాజ్యం.

'మాలపల్లి' సాక్ష్యం

ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' 1922లో వెలువడింది. జైలులో రాసిన ఈ నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. దానిని గాంధేయ దృష్టితోనూ, సామ్యవాద దృష్టితోనూ, భాష దృష్టితోనూ విమర్శకులు విస్తారంగా చర్చించారు. వేతన చరిత్రకు ఆకరంగా మాత్రం తగినంతగా చదవలేదని నాకు అనిపిస్తుంది. మంగళాపురంలో కూలివారు కూలి విషయమై నిలబడినప్పుడు చౌదరయ్య కోపం సంగదాసు ప్రాణాలు తీస్తుంది. నవలకున్న మరో పేరు 'సంగవిజయము'. ఆ పేరులోని సంగడు వ్యక్తి. ఆ శబ్దం మాత్రం సంఘాన్ని కూడా స్ఫురింపజేస్తుంది.

నవల వెలువడిన కాలాన్ని గమనించాలి. మొదటి ప్రపంచయుద్ధపు చివరి సంవత్సరాలలో, ఆ వెంటనే ధాన్యం ధరలు బాగా పెరిగాయి. ధర పెరిగిన కాలంలో ధాన్యపు కూలి కూలివానికి రక్షణ, భూస్వామికి భారం. కూలిని నగదులోకి మార్చితే ఆ భారం దిగిపోతుంది. 1929 తర్వాత ఆర్థికమాంద్యంలో ధాన్యం ధర పడిపోయినప్పుడు పరిస్థితి తలకిందులయింది. ఇప్పుడు రైతు చేతిలో లేనిది రొక్కం, ఉన్నది ధాన్యం. నగదా, ధాన్యమా అన్న ఎంపిక ఎవరి చేతిలో ఉంటే ధరల ఒడుదొడుకుల నుంచి రక్షణ వారిది. కనుక 'వస్తురూప వేతనం వెనుకబాటుకు గుర్తు, నగదు వేతనం పురోగతికి గుర్తు' అన్న పాఠ్యపుస్తకపు సూత్రం డెల్టాకు యథాతథంగా వర్తించదు.

మాలపల్లి వెలువడిన నాలుగేళ్లకు, 1926లో, నిడుబ్రోలుకు చెందిన ఆచార్య ఎన్.జి. రంగా భారత గ్రామాల ఆర్థిక వ్యవస్థపై ఇంగ్లీషులో ప్రచురించిన గ్రంథపు మొదటి సంపుటం డెల్టా గ్రామాల గురించినది. నవలాకారుడు, ఆర్థికశాస్త్రజ్ఞుడు ఇద్దరూ గుంటూరు జిల్లావారే, చూసినదీ దాదాపు ఒకే నేల. అయితే రంగా ప్రధానంగా రైతు నాయకుడు. రైతు గిట్టుబాటు గురించి మాట్లాడే ఉద్యమానికి కూలి రేటు ఖర్చు పద్దులోకి వచ్చే అంశం. ఈ ఇరకాటం ఆయన ఒక్కరిది కాదు. 1921-22లో పెదనందిపాడు శిస్తు నిరాకరణ ఉద్యమాన్ని మనం గర్వంగా స్మరిస్తాం. ప్రభుత్వానికి ఇవ్వవలసినది ఇవ్వకపోవడం అక్కడ ధర్మమయింది. కూలివానికి ఇవ్వవలసినదాని గురించి ఆ చరిత్రలు అంతగా మాట్లాడవు.

చట్టం వచ్చిన తర్వాత

1936 వేతనాల చెల్లింపు చట్టం గడువును హక్కుగా గుర్తించిన తొలి చట్టం. వెయ్యిమందికి లోపు పనిచేసే చోట ఏడో తేదీలోగా, అంతకుమించితే పదో తేదీలోగా వేతనం ముట్టాలని అది నిర్దేశించింది. కాని అది ఫ్యాక్టరీలకు, రైల్వేలకు వర్తించింది; చేనుకు కాదు. తెనాలి రైలు స్టేషనులో పనిచేసేవానికి గడువు వచ్చింది. ఆ స్టేషను గోడ పక్క పొలంలో కోత కోసేవానికి రాలేదు.

1948 కనీస వేతనాల చట్టం వ్యవసాయాన్ని తన షెడ్యూలు రెండో భాగంలో చేర్చింది. పెద్ద ముందడుగే. కనీస వేతనం నగదులోనే ఇవ్వాలన్నది ఆ చట్టపు నియమం; వాడుక ఉన్నచోట వస్తురూపంలో ఇవ్వడానికి ప్రభుత్వం అనుమతించే వీలుండేది. రేట్లను అయిదేళ్లకు మించకుండా పునఃపరిశీలించవలసి ఉండేది. తక్కువ ఇచ్చినప్పుడు ఆ తేడాతోపాటు దానికి పదిరెట్ల వరకు పరిహారం ఇప్పించే వీలుండేది. అయితే వ్యవసాయంలో తొలిసారి రేట్లు నిర్ణయించడానికి పెట్టుకొన్న గడువునే పొడిగిస్తూ పోవలసివచ్చింది. 1950-51 వ్యవసాయ కార్మిక విచారణలో అఖిలభారత స్థాయిలో పురుషుని సగటు దినకూలి 109 పైసలు, స్త్రీది 68 పైసలు. 1956-57 నాటి రెండో విచారణలో అవి 96కు, 59కి దిగాయి. కనీస వేతన చట్టం పుట్టిన తొలి దశాబ్దంలో కూలి తగ్గిందని ప్రభుత్వ విచారణే చెప్పినట్టయింది. రెండు విచారణల పద్ధతుల్లో తేడాలున్నాయని అప్పట్లో విమర్శ వచ్చింది. ఆ విమర్శలో పసలేకపోలేదు. అయినా పెరిగిందని చెప్పడానికి ఆధారం ఎవరూ చూపలేదు.

పదిరెట్ల పరిహారం కాగితం మీద కఠినమైన శిక్ష. దానిని కోరవలసినవాడు తాను ఎన్నిరోజులు, ఎవరి చేలో, ఎంతకు పనిచేశాడో రుజువు చేయాలి. హాజరుపట్టీ యజమాని రాయాలి. కమతంలో హాజరుపట్టీ ఎవరు రాస్తారు? కళ్లంలో కుంచం ఎవరి చేతిలో ఉండేదో చట్టం తర్వాత పుస్తకమూ వారి చేతిలోనే ఉంది.

ఈ ప్రాంతం నుంచే సుప్రీంకోర్టుకు చేరిన ఒక వివాదాన్ని ఇక్కడ ప్రస్తావించాలి. తెనాలి తాలూకా పెరవలి గ్రామాన్ని విభజించగా ఏర్పడిన కొత్త గ్రామానికి మునసబును నియమించవలసివచ్చింది. 1895 నాటి మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం ప్రకారం పాత ఉద్యోగి కుటుంబంలోనివారికే ఆ పదవి దక్కాలి. గాజుల దశరథరామారావు కేసుగా ప్రసిద్ధమైన ఈ వ్యాజ్యంలో 1960 డిసెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పునిస్తూ, గ్రామ మునసబు పదవి ప్రభుత్వోద్యోగమే కనుక వంశాన్ని బట్టి ఇవ్వడం రాజ్యాంగం 16వ అధికరణానికి విరుద్ధమని ఆ నిబంధనను కొట్టివేసింది. న్యాయశాస్త్ర విద్యార్థులు దీనిని అవకాశ సమానత్వపు తీర్పుగా చదువుతారు. వేతన చరిత్రలో దీని స్థానం వేరు. ఉద్యోగం ఆస్తి కాదని తేలితే, దానికిచ్చే ప్రతిఫలం వంశానికి చెందిన మిరాసీ కాదు, చేసిన పనికి వేతనం అవుతుంది. అదే గ్రామ వ్యవస్థలో అట్టడుగు సేవకుని ఉద్యోగం పేరు 'వెట్టి'. ప్రతిఫలం లేని బలవంతపు చాకిరీకి తెలుగులో ఉన్న మాట ఒక జీతపు ఉద్యోగానికి అధికారిక నామం కావడం విచిత్రమే. ఆ జీతం ఎంత స్వల్పమో ఆ పేరే చెబుతున్నది. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పార్ట్‌టైమ్ గ్రామాధికారుల పదవులను ఆర్డినెన్సుతో రద్దుచేయడంతో మునసబు, కరణాల కాలం ముగిసింది.

1975-76 సంవత్సరాలు రెండు ముఖ్యమైన చట్టాలు తెచ్చాయి. కట్టుచాకిరీ రద్దు చట్టం పాలేరు బాకీని కొట్టివేసింది. సమాన వేతన చట్టం ఒకే రకమైన పనికి స్త్రీపురుషులకు తేడా చూపరాదన్నది. మొదటిది డెల్టాలో కొంత పనిచేసింది. అప్పటికే పాలేరుతనం క్షీణిస్తూ ఉంది. రెండోది పొలంలో ఒక గట్టు దగ్గర ఆగిపోయింది. దున్నడం, మోతలు పురుషులవి. ఊడ్పు, కలుపు స్త్రీలవి. పనులే వేరైనప్పుడు 'ఒకే రకమైన పని' అన్న మాటకు తావు లేదు. నడుము వంచి రోజంతా బురదలో నాటే పని, అరక పట్టే పనికంటే తేలిక అని నిర్ణయించినది ఏ శాస్త్రమో తెలియదు. ఆ తర్వాత స్త్రీలు ముఠాలుగా ఏర్పడి ఎకరం లెక్కన ఊడ్పులు గుత్తకు పట్టడం విస్తరించింది. గుత్తలో దినకూలి తేడా పోయింది. పని గంటల పరిమితీ దానితోపాటే పోయింది.

1982లో ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు ఒక గొప్ప మాట అన్నది. రోజుకు తొమ్మిది రూపాయల పావలా ఇవ్వవలసిన చోట జమాదారు రూపాయి కమీషను మినహాయించుకొని ఇవ్వడం కేవలం తక్కువ చెల్లింపు కాదు. కనీస వేతనానికి తక్కువకు పనిచేయించడం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయే అని న్యాయమూర్తి భగవతి తీర్పు. ఆకలి కూడా బలవంతమే అన్న ఆ తర్కాన్ని డెల్టాకు అన్వయిస్తే మన పంటపొలాల చరిత్రలో ఎంత భాగం వెట్టి కిందికి వస్తుందో లెక్కవేయడం కష్టం.

పని నిరాకరణ

తెనాలి సమీపంలోని చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను హత్యచేశారు. ఆ ఘటనను కులహింసగా చర్చించడం సముచితమే. కూలి చరిత్రలో దానికి ముందటి వారాలు కూడా ముఖ్యమైనవి. హత్యలకు ముందు ఊళ్లో దళితులపై సాంఘిక బహిష్కరణ సాగింది. వారిని పొలం పనులకు పిలవలేదు. కనీస వేతన చట్టం పని ఇచ్చినవాడు ఎంత ఇవ్వాలో చెప్పింది. పని ఇవ్వడమే మానిన ఊరిని ఏమీ చేయలేదు. చదువు వల్ల, రైల్వే ఉద్యోగాల వల్ల చుండూరు దళితులు కమతం మీద ఆధారపడటం కొంత తగ్గింది. అందువల్లనే వారు తలవంచలేదు, అందువల్లనే బహిష్కరణ చాలక హింస వచ్చిందని నా అవగాహన. ఆ ఊళ్లోనే ఏర్పాటైన ప్రత్యేక న్యాయస్థానం 2007 జూలై 31న శిక్షలు విధించగా, 2014లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. సాంఘిక, ఆర్థిక బహిష్కరణను షెడ్యూల్డు కులాల, తెగల అత్యాచార నిరోధక చట్టంలో నేరంగా స్పష్టంగా చేర్చింది 2015 సవరణ.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన ఉపాధి హామీ పథకాన్ని ఈ నేపథ్యంలో చూడాలి. ఊరి రైతు పిలవకపోయినా పని దొరికే అవకాశం దానివల్ల వచ్చింది. అంతకంటే ముఖ్యంగా, పదిహేను రోజులలోగా కూలి ముట్టాలనీ, ఆలస్యమైతే పరిహారం ఇవ్వాలనీ చట్టంలో రాసుకొన్నారు. పరిహారం రేటు రోజుకు 0.05 శాతం. పొలం పనికి ఎన్నడూ లేని గడువు మట్టిపనికి వచ్చింది. అయితే ఈసారి ఆలస్యం చేసేది ప్రభుత్వం. 2018 మే నెలలో స్వరాజ్ అభియాన్ కేసులో సుప్రీంకోర్టు, చెల్లింపు ఆలస్యానికి పరిపాలనాపరమైన జాప్యం సాకు కాజాలదని చెప్పవలసివచ్చింది.

దిగువ అంచు

ఇక అడవులదీవి వైపు. కాలువ చివరి భూములకు నీరు ఆలస్యంగా వస్తుంది, కనుక ఊడ్పులు ఆలస్యం, కోతలు తుపానుల నోటికి చిక్కే కాలంలో. 1977 నవంబరు 19 ఉప్పెన ఆ కాలంలోనే వచ్చింది. పంట పోతే కోత కూలి కూడా పోతుంది. నష్టపరిహారం సాగుదారుకు లెక్కకడతారు, జరగని కోతకు కూలి ఎవరూ లెక్కకట్టరు. ఇటువంటి నేలల్లో రొయ్యల సాగు ప్రవేశించడం ఆశ్చర్యం కాదు. ఎకరా వరికి కావలసినంత మంది ఎకరా చెరువుకు అక్కరలేదు. ఊడ్పు ముఠాల స్త్రీలకు ఆ చెరువుల్లో పని లేదు.

1996 డిసెంబరు 11న జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీరప్రాంత నియంత్రణ మండలంలోని రొయ్యల చెరువులను తొలగించమని ఆదేశించింది. పర్యావరణ తీర్పుగా పేరుపొందిన దానిలో కార్మికులకు సంబంధించిన ఒక భాగం ఉంది. ఉపాధి కోల్పోయే కార్మికులకు పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం రిట్రెంచ్‌మెంటు పరిహారం, దానికి అదనంగా ఆరేళ్ల వేతనం ఇవ్వాలని న్యాయస్థానం నిర్దేశించింది. ఆరేళ్ల వేతనం! ఈ తీరంలో ఏ శ్రామికునికీ ఏ న్యాయస్థానమూ అంతటి మొత్తం ప్రకటించి ఉండదు. దానిమీద పునఃపరిశీలన పిటిషన్లు వచ్చాయి. 2005లో పార్లమెంటు కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేస్తూ, తీర నియంత్రణ ఆంక్ష ఈ సాగుకు 1991 నుంచే వర్తించనట్టు సవరించింది. చెరువులు నిలిచాయి, మూసివేతే లేనప్పుడు పరిహారానికి ప్రాతిపదిక లేదు.

ఆ తీర్పు అమలై ఉన్నా ఎందరికి దక్కేదో ఆలోచించవలసిందే. ఏడాదిపాటు నిరంతర సేవ ఉన్నవారికే ఆ పరిహారమని షరతు. చట్టం లెక్కలో అంటే పన్నెండు నెలల్లో 240 పనిదినాలు. రొయ్య పంట నాలుగైదు నెలలది. పంట పట్టిన తర్వాత చెరువు ఎండగట్టే రోజులుంటాయి, ఆ రోజుల్లో కాపలాదారును ఇంటికి పంపవచ్చు, మళ్లీ నీరు పెట్టినప్పుడు పిలవవచ్చు. రెండు పంటలకు పనిచేసినవానికి రోజులు నిండాయో లేదో తేల్చడానికి ఒక పుస్తకం కావాలి. చెరువు గట్టు మీది పాకలో మేత లెక్కకు పుస్తకం ఉంటుంది, నీటి ఉప్పదనం లెక్కకు ఉంటుంది, మందుల లెక్కకు ఉంటుంది. కాపలాదారు రోజుల లెక్కకు విడిగా పుస్తకం పెట్టాలా వద్దా అన్నది చెరువు యజమాని ఇష్టం.